లెక్కల నుంచి నాటకానికి

"బి.యస్సీ. సదువుకుంట నాటకాలేందిరా?" అని మా బాపు కోప్పడినప్పుడల్లా నాకు గొల్లపూడి మారుతీరావు గారు గుర్తుకొస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన చదివింది గణిత భౌతికశాస్త్రం! 1939లో విజయనగరంలో పుట్టి, పత్రికలోనూ ఆకాశవాణిలోనూ ఉద్యోగం చేస్తూనే నాటకాలు రాశారు. 'డాక్టర్ చక్రవర్తి' (1964)తో సినీ రచయిత, 1982లో నటుడు అయ్యారు. తర్వాత టీవీలో 'ప్రజావేదిక' నడిపారు. 2019లో కన్నుమూశారు.

నాటిక రాసే మనబోటివాళ్ళకు ఆయన 'కళ్ళు' ఒక పాఠం. అంధులైన బిచ్చగాళ్ళు పైసా పైసా కూడబెట్టి తమలో ఒకడికి చూపు తెప్పిస్తారు. చూపొచ్చాక వాడి మనసే మారుతుంది. రంగస్థలం మీద ఆ మార్పును మాటే మోయాలి. 1988లో ఛాయాగ్రాహకుడు ఎం.వి. రఘు దాన్నే సినిమాగా తీశారు. అక్కడ ఆ బరువులో సగం కెమెరాది.

జగిత్యాల హాస్టల్లో కూర్చుని సిరిసిల్ల మరమగ్గాల మీద నేనొక నాటిక రాశాను. మగ్గం ఆగిపోయిందని పాత్రల చేత మూడుసార్లు చెప్పించాను. తెర వెనుక చప్పుడు ఆపితే చాలదా? ఆ మూడు మాటలూ కొట్టేశాను.

కోరుట్లలో ప్రదర్శనకు బాపును పిలిచాను. "పసుపు ఉడకవెట్టేదుంది, సూస్త" అన్నాడు.