విమర్శయు, పరువునష్టమును

ఎన్నికల దినములలో వీథి మొగను రెండు మాటలు వినబడుచుండును. "ఈ సభ్యుడు మంచినీటి కొళాయి విషయమున మనలను నిర్లక్ష్యము చేసినాడు, ఇట్టివాడు పదవికి తగడు" అనునది ఒకటి. "కొళాయి సొమ్ము తినివేసినాడు" అనునది రెండవది. రెంటను కోపమొక్కటియే. చట్టము దృష్టిలో మాత్రము వీనికి చాల దూరము కలదు. మొదటిది నడవడిపై అభిప్రాయము. రెండవది జరిగినదని చెప్పెడి సంగతి.

1860 నాటి భారత శిక్షాస్మృతి 499వ సెక్షనులో పరువునష్టము నేరమని నిర్వచించి, పది మినహాయింపులను చూపిరి. 2024 జూలై 1వ తేదీ నుండి ఆ స్థానమున భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను అమలులో నున్నది. మినహాయింపులు నిలిచియే యున్నవి.

ప్రభుత్వోద్యోగి తన విధులలో నడచుకొన్న తీరును గూర్చియు, ఎవరైనను ప్రజాసమస్యలలో నడచుకొన్న తీరును గూర్చియు సద్భావముతో అభిప్రాయము చెప్పుట నేరము కాదు. సర్కారునకు అర్జీ పెట్టుట, సభకు అధ్యక్షత వహించుట, అభ్యర్థికై ఓట్లడుగుట మున్నగునవి చట్టములోనే ఉదాహరణములుగా నున్నవి.

అభిప్రాయమునకు హద్దెక్కడ? గ్రంథవిమర్శకు సంబంధించిన మినహాయింపులో చక్కని ఉదాహరణ మొకటి కలదు. పుస్తకము తెలివితక్కువగా నున్నది, కనుక వ్రాసినవాడు దుర్బలుడై యుండుననిన చెల్లును. వ్రాసినవాడు దురాచారుడు, కనుకనే పుస్తకమిట్లున్నదనిన చెల్లదు. ఏలయన మొదటి తీర్పు పుస్తకము నుండి పుట్టినది. రెండవది వెలుపలి నుండి తెచ్చినది. నాయకుని విషయమునను ఇదియే కొలత: ఎదుట నున్న నడవడి ఎంతవరకు చూపునో అంతవరకే.

సద్భావమన మనసార నమ్ముట యని పలువురు తలతురు. అది పొరపాటు. తగిన జాగ్రత్త లేక చేసినది సద్భావము కాదని చట్టమే చెప్పుచున్నది. లెక్కల పుస్తకము చూడక, "అందరును అనుకొనుచున్నారు" అనుట రక్షణ కానేరదు. నిజము చెప్పినవాడు సైతము క్రిమినలు కోర్టులో అది ప్రజాహితమునకని చూపవలయును.

మన తమిళనాటి నుండి వెళ్లిన రాజగోపాల్ వ్యాజ్యమున 1994లో సుప్రీంకోర్టు మరియొక మెట్టు ఎక్కినది. ఉద్యోగి విధినిర్వహణమును గూర్చిన వ్రాత అసత్యమైనను, నిజానిజముల లక్ష్యపెట్టక వ్రాసినట్లు అతడు నిరూపించిననే నష్టపరిహారము దొరకును. మాటకు చెరసాల ఏల యని నాకు తోచును గాని, 2016లో సుబ్రహ్మణ్యస్వామి వ్యాజ్యమున అదే న్యాయస్థానము ఈ నేరమును చట్టమున నిలిపినది. శిక్ష రెండేండ్ల వరకు సాధారణ కారాగారము, లేక జుల్మానా, లేక రెండును. సమాజసేవ యనునది 2024లో చేరినది.