జర్మనీలో సూపర్‌వైజర్ కావాలంటే...

జర్మనీలో ఉద్యోగంలో కుదురుకున్న మనవాళ్ల చూపు కొన్నేళ్లకు పై హోదా మీద పడుతుంది. పని బాగా వస్తే చాలదు, కొత్తవాళ్లకు నేర్పగలరో లేదో అక్కడ విడిగా పరీక్ష పెట్టి చూస్తారు. అదే శిక్షకుల అర్హత పరీక్ష. పాసైతే వచ్చే సర్టిఫికెట్‌ను వాడుకలో ‘ఆడా షైన్’ అంటారు. ఫ్యాక్టరీల్లో ఇండుస్ట్రీమైస్టర్ (సూపర్‌వైజర్) హోదాకు ఇది ఉండాల్సిందే. ఇప్పుడున్న నిబంధనలు 2009 ఆగస్టు 1న అమల్లోకి వచ్చాయి. పరిశ్రమల, వాణిజ్య మండళ్లు (ఐహెచ్‌కే) పరీక్ష నిర్వహిస్తాయి. రాయడానికి డిగ్రీ అక్కర్లేదు.

పరీక్ష తీరు

రాత పరీక్ష 3 గంటలు. ప్రాక్టికల్ గరిష్ఠంగా 30 నిమిషాలు. అందులో 15 నిమిషాల్లోపు ఒక పని నేర్పే తీరు చూపాలి, మిగతా సమయం పరీక్షకుల ప్రశ్నలకు. రెండింటిలోనూ పాసవ్వాలి. తప్పితే మరో రెండుసార్లు రాయొచ్చు.

ఎక్కడ దొరికిపోతారు?

17 ఏళ్ల అప్రెంటిస్‌ను, ఆర్డర్ అర్జెంటని, రాత్రి 9 దాకా వర్క్‌షాపులో ఉంచొచ్చా? ‘ఒక్కరోజేగా, సర్దుకుంటాడు’ అనుకున్నారో మార్కులు పోయినట్టే. 18 ఏళ్లలోపు వారికి పని రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటలు. రాత్రి 8 తర్వాత సాధారణంగా పని చేయించకూడదు. హోటళ్ల వంటి కొన్ని చోట్లే సడలింపు. ప్రొబేషన్ కూడా కనీసం నెల, గరిష్ఠంగా 4 నెలలు. ఇలాంటివి అంకెలతో సహా నోటికి రావాలి.

ప్రిపరేషన్

సిలబస్ నాలుగు భాగాలు: శిక్షణ ప్రణాళిక, అప్రెంటిస్‌ల ఎంపిక, శిక్షణ ఇవ్వడం, ముగించడం. ఎక్కువ సమయం మూడోదానికే కేటాయించండి. నాలుగు మెట్ల పద్ధతి బాగా సాధన చేయండి: సిద్ధం చేయడం, చేసి చూపడం, చేయించడం, అలవాటు చేయించడం. ఉదాహరణకు వెర్నియర్ క్యాలిపర్‌తో షాఫ్ట్ కొలవడం నేర్పుతున్నారనుకోండి. కుర్రాడు రీడింగ్ తప్పు చెబితే క్యాలిపర్ లాక్కుని మీరే కొలవకండి. ‘ఎలా చూశావో చెప్పు’ అని అడగండి. తప్పు ఎక్కడ జరిగిందో అతని మాటల్లోనే బయటపడుతుంది. ప్రశ్నలన్నీ జర్మన్‌లోనే ఉంటాయి కాబట్టి సహోద్యోగిని అప్రెంటిస్‌గా కూర్చోబెట్టి, గడియారం పెట్టుకుని బిగ్గరగా రిహార్సల్ చేయండి.

ప్రాక్టికల్‌కు ఏ పని తీసుకోవాలో మీ ఇష్టమే, కానీ ఎందుకు ఎంచుకున్నారో చెప్పాలి. మీ ప్రతిభ చాటే పెద్ద పని వద్దు. పావుగంటలో కొత్తవాడి చేత తప్పులేకుండా చేయించగల చిన్న పని చాలు.