బ్యాంకుల పోటీని కొలిచేవాళ్లు కావాలి

ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చదివిన మన పిల్లలకు బ్యాంకు అనగానే గుర్తొచ్చేవి క్లర్కు, పీవో పరీక్షలే. మంచి ఉద్యోగాలే, కాదనను. కానీ బ్యాంకులో కూర్చోకుండా బ్యాంకుల తీరును కొలిచే కొలువులూ ఉన్నాయి. ఒక జిల్లాలో డిపాజిట్లు, అప్పులు ఎన్ని చేతుల్లో ఉన్నాయి? రెండు బ్యాంకులు కలిసిపోతే రైతుకు, చిన్న వ్యాపారికి ఇంకెన్ని గడపలు మిగులుతాయి? ఇవి తేల్చేవాళ్లు మనకు చాలా తక్కువ.

లెక్క పదో తరగతి స్థాయిదే. ఒక్కో బ్యాంకు వాటా శాతాన్ని వర్గం చేసి, అన్నీ కూడాలి. దీన్నే హెర్ఫిన్‌డాల్-హిర్ష్‌మన్ సూచీ, పొట్టిగా హెచ్‌హెచ్‌ఐ అంటారు. ఒక ఊళ్లో నాలుగు బ్యాంకులకు 40, 30, 20, 10 శాతం వాటాలున్నాయనుకోండి. సూచీ 3,000. చివరి రెండూ కలిస్తే 3,400. ఒకే బ్యాంకు ఉంటే 10,000. అమెరికాలో బ్యాంకుల విలీనాలకు 1995 మార్గదర్శకాలు ఒక గీత గీశాయి. విలీనం తర్వాత సూచీ 1,800 దాటి, పెరుగుదల కూడా 200 దాటితే లోతుగా పరిశీలించాలన్నాయి.

అసలు చిక్కు మార్కెట్ హద్దు ఎక్కడ గీయాలన్న దగ్గర వస్తుంది. మన దగ్గరి ఉదాహరణే చూడండి. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. రాష్ట్రం మొత్తాన్ని ఒకే మార్కెట్‌గా తీసుకుంటే కేంద్రీకరణ పెరిగినట్టే. కానీ ఆ నాలుగింటిలో ప్రగతి బ్యాంకు రాయలసీమలో మూడు జిల్లాలు, నెల్లూరు, ప్రకాశం చూసేది. వికాస్ బ్యాంకు ఉత్తరాంధ్ర చూసేది. చైతన్య గోదావరిది గుంటూరు, గోదావరి జిల్లాలు. సప్తగిరిది చిత్తూరు, కృష్ణా. పాత ఉమ్మడి జిల్లాల లెక్కన ఒకరి జిల్లాలో మరొకరు లేరు. కాబట్టి కడప రైతుకు ఆ విలీనంతో ఒక్క గడపా తగ్గలేదు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు కథ వేరు. ఒకే పట్టణంలో పోటీపడిన శాఖలు ఒకే బోర్డు కిందికి వచ్చాయి. రెండూ విలీనాలే, జిల్లా స్థాయి కొలత మాత్రం వేర్వేరు మాట చెబుతుంది. ఈ తేడా పట్టుకోగలిగినవారే ఈ రంగానికి పనికొస్తారని నా నమ్మకం.

ఇంకో ప్రశ్న. బంగారం తాకట్టు కంపెనీలను, సహకార సంఘాలను, మైక్రోఫైనాన్స్ సంస్థలను లెక్కలోకి తీసుకోవాలా? డిపాజిట్ల లెక్కలో తాకట్టు కంపెనీకి చోటు లేదు, బంగారు రుణాల లెక్కలో దాన్ని వదిలేస్తే తప్పు. పైగా వాటాలు చూసినంత మాత్రాన పోటీ తెలిసిపోదు. ఉన్న రెండు బ్యాంకులే గట్టిగా పోటీపడొచ్చు. అందుకే ధరకు, ఉపాంత వ్యయానికి మధ్య అంతరాన్ని కొలిచే లెర్నర్ సూచీ, పోటీ తీరును అంచనా వేసే పాన్జార్-రాస్ పద్ధతి కూడా నేర్చుకోవాలి. వీటికి ఎకనోమెట్రిక్స్ పునాది, ఆర్ లేదా పైథాన్ చేతిలో ఉండాలి.

ఈ నేర్పుతో ఎక్కడికి వెళ్లొచ్చు? రిజర్వు బ్యాంకు గ్రేడ్-బీలో ఆర్థిక పరిశోధన విభాగం డీఈపీఆర్, గణాంకాల విభాగం డీసిమ్ పోస్టులకు వేరుగా పరీక్షలుంటాయి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీసుకు ఎకనామిక్స్ పీజీ కావాలి. స్టాటిస్టికల్ సర్వీసుకు స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ చాలు. నాబార్డు, కాంపిటిషన్ కమిషన్, రేటింగ్ ఏజెన్సీలూ ఉన్నాయి. జాతీయం చేసిన బ్యాంకుల విలీనాలకు కాంపిటిషన్ కమిషన్ అనుమతి అక్కర్లేదని కేంద్రం 2017లో పదేళ్ల మినహాయింపు ఇచ్చింది. అలాంటప్పుడు బయటినుంచి లెక్కగట్టే పరిశోధకుల అవసరం మరీ ఎక్కువ. చదువుకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ)లో క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ మంచి దారులు.

నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి. రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితి నివేదికల్లో బ్యాంకుల వారీ, జిల్లాల వారీ వివరాలు దొరుకుతాయి. మీ జిల్లాను తీసుకుని, 2020కి ముందు, తర్వాత సూచీ ఎంతో లెక్కగట్టి, నాలుగు పేజీల్లో రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీ సొంత పని ఒకటి ఉంటుంది.