వెలిగిందల్లా పాతది కాదు

మన ఇళ్ళలో స్టీలు సామాన్ల వయసు కనుక్కోవడం చాలా ఈజీ. గిన్నె తిప్పి చూస్తే చాలు, ఎవరి గృహప్రవేశానికి ఎవరు ఇచ్చారో పేరు, తేదీతో సహా చెక్కి ఉంటుంది. గాజు ప్లేటుకి ఆ సౌకర్యం లేదు. అది ఆలోచించకుండా నేను తొందరపడి, నేనెప్పుడూ చూడని ఒక పెద్దావిడ మాటని అబద్ధం అనేశాను. ఆ తప్పు ఎలా చేశానో, ఎలా దిద్దుకున్నానో చెప్తాను. మధ్యలో కాస్త గాజు పాఠం కూడా ఉంటుంది, ఓపిక పట్టండి.

మా పిన్ని ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంటుంది. పోయిన వేసవిలో వచ్చినప్పుడు సూట్‌కేసులో చీరల మధ్య రెండు గాజు వస్తువులు పెట్టుకొచ్చింది. ఒకటి తేనె రంగు ప్లేటు. పక్కింటి ఎనభై దాటిన ఆవిడ ఇల్లు ఖాళీ చేస్తూ, "మా అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలోది" అని చెప్పి ఇచ్చిందట. రెండోది ఆకుపచ్చ గిన్నె. దాన్ని పిన్ని పాత సామాన్ల సంతలో కొంది. అమ్మినాయన 1930ల నాటిదన్నాడట. రెండింటినీ అక్కడ 'డిప్రెషన్ గ్లాస్' అంటారని చెప్పింది.

పేరు విని భయపడకండి. 1929లో అమెరికా స్టాక్ మార్కెట్ కూలాక వచ్చిన ఆర్థిక మాంద్యాన్ని 'గ్రేట్ డిప్రెషన్' అంటారు. ఆ కాలానికి అటూ ఇటూ యంత్రాల మీద కుప్పలుగా తయారైన చవక రంగు గాజుకి, తర్వాతి తరం కలెక్టర్లు పెట్టిన పేరిది. గులాబీ, ఆకుపచ్చ, తేనె రంగులు ఎక్కువ. ఒహాయో, పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా, ఇండియానాల్లో ఫ్యాక్టరీలు ఉండేవి. హాకింగ్, ఫెడరల్, జెన్నెట్, హేజెల్ అట్లాస్ వాటిలో పెద్ద పేర్లు. ఫెడరల్ ఫ్యాక్టరీ ఉన్నది పిన్ని వాళ్ళ కొలంబస్‌లోనే.

మనింటికి టీ పొడి ప్యాకెట్‌తో గ్లాసు ఫ్రీగా వస్తుంది కదా, అచ్చం అలాగే ఓట్స్ డబ్బాలో, పిండి బస్తాలో ఈ గాజు వచ్చేది. జనం సినిమాలకి రావడం తగ్గితే కొన్ని థియేటర్లు 'డిష్ నైట్' పెట్టి, టికెట్ కొన్న ఆడవాళ్ళకి వారానికో ప్లేటో కప్పో ఇచ్చేవి. వారం వారం వెళ్తే సెట్టు పూర్తవుతుంది. చేతిలో డబ్బులు లేని ఇంట్లో కూడా బల్ల మీద రంగులు కనిపించేవి.

ఇక నా తప్పు. గాజులో యురేనియం ఉంటే అల్ట్రావయొలెట్ లైటు కింద ఆకుపచ్చగా వెలుగుతుందని ఎక్కడో చదివాను. హాస్టల్లో ఫ్రెండ్ దగ్గర యూవీ టార్చి ఉంది. లైట్లు ఆర్పి చూస్తే గిన్నె దెయ్యం సినిమాలోలా ధగధగా వెలిగింది. ప్లేటు మాత్రం చప్పగా ఉండిపోయింది. వెంటనే పిన్నికి ఫోన్ చేసి తీర్పు చెప్పేశాను: "గిన్నె ఒరిజినల్ పిన్నీ, ప్లేటు డూప్లికేట్."

పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆవిడ నాకెందుకు అబద్ధం చెప్తుందిరా? సరేలే, ప్లేటు నువ్వే ఉంచుకో" అంది. పెట్టేసింది.

ఆ 'సరేలే' నన్ను నిద్రపోనివ్వలేదు. అప్పుడు మొదలుపెట్టాను అసలు చదవడం. నేర్చుకున్నది ఇదీ:

1. వెలుగు చెప్పేది పదార్థం గురించి, వయసు గురించి కాదు. యురేనియం కలిపిన గాజే అలా వెలుగుతుంది. తేనె రంగు రావడానికి యురేనియం అక్కర్లేదు కాబట్టి ఆ ప్లేటు వెలగకపోవడంలో వింతేమీ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం యురేనియాన్ని తన గుప్పిట్లోకి తీసుకుంది. 1958 తర్వాత గాజు కంపెనీలకి మళ్ళీ దొరికింది. ఇప్పటికీ అలాంటి గాజు చేస్తున్నారు. (మీకు దొరికితే షోకేసులో పెట్టుకోండి, ఆవకాయ మాత్రం వేసుకోవద్దు.)

2. లోపాలు చూసి కంగారు పడొద్దు. కరిగిన గాజుని అచ్చులో వేసి యంత్రంతో వేగంగా నొక్కేవారు. అందుకే అతుకు గీతలు, చిన్న బుడగలు, అలల్లాంటి మెలికలు మిగిలిపోయేవి. ఒంటినిండా లేసు అల్లికలాంటి డిజైన్ ఉండటం అందానికే కాదు, ఆ లోపాలు కంటికి కనబడకుండా కూడా. అయితే బుడగ ఉన్నంత మాత్రాన పాతదని కాదు.

3. వాడకం గీతలు చూడండి. ఏళ్ళ తరబడి కత్తులు, ఫోర్కులు తగిలితే గీతలు రకరకాల దిక్కుల్లో పడతాయి. అన్నీ ఒకే వైపుకి, ఒకే లోతులో ఉంటే ఎవరో కావాలని రుద్దారేమో అనుమానించాలి.

4. డిజైన్, ఆకారం, రంగు మూడూ కలవాలి. ఫలానా డిజైన్‌లో ఫలానా వస్తువు ఆ రోజుల్లో ఆ రంగులో చేశారా అన్నది అసలు ప్రశ్న. హేజెల్ మేరీ వెదర్‌మన్ అనే ఆవిడ 1970లో ఈ గాజు మీద తెచ్చిన పుస్తకం కలెక్టర్లకి దారి చూపించింది.

5. మళ్ళీ తయారు చేసిన చరిత్ర తెలుసుకోవాలి. నా ప్లేటు కథ తేలింది ఇక్కడే.

పిన్ని ప్లేటు డిజైన్ పేరు 'మాడ్రిడ్'. ఫెడరల్ కంపెనీ 1932 నుంచి 1939 దాకా చేసింది. 1976లో, అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్ళు నిండిన సందర్భంగా, అదే కంపెనీ అదే డిజైన్‌ని 'రీకలెక్షన్' పేరుతో తేనె రంగులో మళ్ళీ తెచ్చింది. కానీ నిజాయితీగా, డిజైన్‌లో కలిసిపోయేలా చిన్నగా '76' అని అచ్చులోనే వేసింది. తర్వాత ఇండియానా గ్లాస్ కంపెనీ ఆ అచ్చులు కొని, 76 తీసేసి, వేరే రంగుల్లో చేసింది. కాబట్టి తేనె రంగు మాడ్రిడ్ ప్లేటు మీద 76 లేకపోతే, అది 1930లదే అనడానికి బలమైన సాక్ష్యం.

ల్యాబ్ నుంచి లెన్స్ తెచ్చి గంటసేపు వెతికాను. అంచు, మధ్య, మూలలు, అన్నీ. 76 లేదు. గీతలు మాత్రం అన్ని దిక్కుల్లో ఉన్నాయి, మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. ఎవరో చాలా ఏళ్ళు అందులో తిన్నారు.

అదే లెన్స్‌తో గిన్నె అడుగు చూశాను. చిన్న కంపెనీ గుర్తు ఉంది. ఆ కంపెనీ 1930ల్లో అసలు పుట్టనే లేదు. అంటే నా తీర్పు రెండు వైపులా తలకిందులు.

పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. గిన్నె గురించి నవ్వేసింది. ప్లేటు గురించి మాత్రం, "నువ్వు చెప్పాక నేను ఆవిడకి ఫోన్ చేయడం మానేశానురా" అంది. నా దగ్గర సమాధానం లేదు.

"ఇప్పుడు చేసి ఏం చెప్తావు పిన్నీ?"

"ఏం చెప్పను? ఎలా ఉన్నారని అడుగుతాను. అనుమానపడింది మనం, ఆవిడ కాదుగా."

వచ్చే నెల మా కజిన్ ఎమ్మెస్‌కి వెళ్తున్నాడు. ప్లేటుని రెండు టవల్స్‌లో చుట్టి వాడి హ్యాండ్ బ్యాగేజీలో పెడుతున్నాను. గిన్నె నా దగ్గరే ఉంటుంది. హాస్టల్లో కరెంటు పోయినప్పుడు దాని మీద టార్చి వేస్తే ఇప్పటికీ బ్రహ్మాండంగా వెలుగుతుంది.