.315 గురి తప్పితే తప్పు ఎవరిది?

ప్రశ్న: మాది వరంగల్. నాన్నగారి తర్వాత నా లైసెన్సు మీదికి వచ్చిన పాత .315 బోల్ట్ యాక్షన్ రైఫిల్ గుళ్లు చెల్లాచెదురుగా తగులుతున్నాయి. ‘ఇషాపూర్ రైఫిలంటే అంతే’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .315 సైన్యపు లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ బాటలో వచ్చింది. మొరటుదే, కానీ గట్టిది. పోటీల రైఫిల్‌తో పోల్చడం అన్యాయం. గుళ్లు చెదరడానికి పేరుకన్నా ఆలనాపాలనా లేకపోవడమే ఎక్కువ కారణం: వదులైన స్క్రూలు, గొట్టంలో పేరుకున్న మసి, అరిగిన మూతి, పాత తూటాలు.

ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసుకుని గొట్టం శుభ్రం చేయండి, స్క్రూలు బిగించండి. తర్వాత అనుమతి ఉన్న రేంజ్‌లో ఇసుక సంచిపై ఆనించి, ఒకే పెట్టెలోని తూటాలతో పరీక్షించండి. అడవిలో మాత్రం వద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం.

బోల్ట్ బిగుసుకున్నా, ఖాళీ తూటా చీలినా పేల్చడం ఆపేసి లైసెన్సున్న మరమ్మతుదారుకు చూపించండి. లైసెన్సు సందేహాలకు వరంగల్ పోలీస్ కమిషనరేట్‌ను అడగండి.