పాత రేంజరు సైకిలు: ఓవరాయిలింగు, రంగు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం రాసివ్వమని వార్డెన్ గారు అడిగారు. మేము ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాం కాబట్టి పుస్తకంలోంచి ఒక పాఠం తీసి రాయడం తేలికే. కానీ ఈ ఏడాది మేం నేర్చుకున్న కెమిస్ట్రీలో సగం వంటగది వెనక రేకుల షెడ్డులో నేర్చుకున్నదే. అందుకే అదే రాస్తున్నాం.

ఆ షెడ్డులో పాత గ్యాస్ పొయ్యి చాటున ఒక సైకిలు పడి ఉండేది. లావు టైర్లు, తిన్నటి హ్యాండిలు. మన వైపు అలాంటి సైకిలు ఏ కంపెనీదైనా రేంజరే. ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ ఒక సీనియర్ అన్న వదిలేశాడని వంట చేసే పెద్దమ్మ చెప్పింది. ఏ సంవత్సరమో ఆమెకు గుర్తు లేదు. (ఆ అన్న ఇది చదువుతుంటే: మీ సైకిలు క్షేమం. ఫోర్కు మాత్రం మీది కాదు. ఎందుకో కింద రాశాం.)

ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరిన తమ్ముడికి కాలేజీ ఆరు కిలోమీటర్లు. పొద్దున బస్సు తప్పితే రెండు పీరియడ్లు పోతాయి. హాజరు 75 శాతానికి తగ్గితే స్కాలర్‌షిప్పుకు చిక్కు. వార్డెన్ గారిని అడిగి, మా గదివాళ్ళం ముగ్గురం సైకిలును బయటికి లాగాం.

ఈ రకం సైకిళ్ళు పుట్టిందే పాత సైకిళ్ళు బాగుచేసుకునే కుర్రాళ్ళ చేతుల్లో. అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీలో 1970లలో కొందరు 1930ల నాటి ష్విన్ సైకిళ్ళను తక్కువ ధరకు కొని, కొండ దారుల్లో కిందికి తొక్కేవారు. 1976 అక్టోబరులో వాళ్ళు మొదలుపెట్టిన పందేనికి రీప్యాక్ అని పేరు. వెనక హబ్బులో ఉండే బ్రేకు దిగేసరికి కాలి, లోపలి గ్రీజు పొగైపోయేది. మళ్ళీ దిగాలంటే హబ్బు విప్పి గ్రీజు నింపాలి. ఆ నింపడమే పేరైంది. కొండ సైకిలుకని ప్రత్యేకంగా జో బ్రీజ్ ఫ్రేము కట్టింది ఆ తర్వాతే. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌తో అది ఫ్యాక్టరీ సరుకైంది.

ఇక మన షెడ్డుకు వద్దాం. విప్పడంలో కొత్తవాళ్ళు తప్పు చేసే చోట్లు రెండు. ఎడమ పెడలుకు మర తిరగబడి ఉంటుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. మేం అరగంట దాన్ని ఇంకా బిగిస్తూ కూర్చున్నాం. రెండోది కాటర్ పిన్ను. నట్టు పూర్తిగా తీసేసి సుత్తితో కొడితే మర చితికిపోతుంది. నట్టును పిన్ను కొసకు సమానంగా ఉంచి, దాని మీద కొట్టాలి. ఫ్రీవీలు మాత్రం విప్పవద్దు, కిరసనాయిలుతో కడిగితే చాలు. లోపలి సన్న బాల్సు ఒకసారి నేల మీద దొర్లాయంటే ఆ రోజు అంతే.

టైరు కొనేటప్పుడు 26 అంగుళాలని చెబితే సరిపోదు. రేంజరు టైరు రిమ్ము మీద కూర్చునే వ్యాసం 559 మిల్లీమీటర్లు. మామూలు సైకిలుకు వేసే 26 × 1⅜ టైరుకు అదే 590. పేరుకు ఒకటే, ఒకదానికి ఒకటి ఎక్కదు. పాత టైరు పక్కన అచ్చు వేసిన అంకెలు కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్ళాలి.

నట్లు, హ్యాండిలు వంటి విడి సామాన్ల తుప్పుకు మేం పైసా ఖర్చు పెట్టలేదు. సాంబారు కోసం పిసికి పారేసే చింతపండు పిప్పిని పెద్దమ్మ దగ్గర అడిగి తీసుకుని, నీళ్ళలో కలిపి, రాత్రంతా నానబెట్టాం. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. ఇళ్ళల్లో ఇత్తడి బిందెలు తోమేదీ దానితోనే కదా. తెల్లారి బాగా కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి నూనె రాయాలి. గంట ఆలస్యమైతే మళ్ళీ ఎర్రబడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, రంగు. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే తుప్పు. తుప్పు ఆక్రమించే చోటు, తినేసిన ఇనుము కంటే రెండింతలకు పైనే. అందుకే పైన ఎంత మంచి రంగు వేసినా, కింద తుప్పు మిగిలితే అది ఉబ్బి రంగును పెచ్చులుగా లేపేస్తుంది. మెరిసే ఇనుము కనబడేదాకా గీకాలన్నది ఇందుకే. విచిత్రమేమంటే, మొదటి పూతగా వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమరుకు ఆ ఎరుపు వచ్చేదీ ఐరన్ ఆక్సైడు నుంచే. తుప్పుకు మందు తుప్పు రంగే. కాకపోతే ఇది జిగురులో చిక్కుకున్న పొడి, ఇక మారదు.

మేం గీకాం, కానీ కనబడిన చోటే గీకాం. మిగిలిన పాత రంగు మీదే ప్రైమరు, దాని మీద ఎర్ర ఎనామిల్ వేసి, తమ్ముడికి ఇచ్చేశాం. రెండు వారాలు వాడు దాని మీదే కాలేజీకి వెళ్ళాడు. దారిలో రైల్వే బ్రిడ్జి ఉంది. దిగుడులో తొక్కకుండానే పోతుందన్నా అని సంబరంగా చెప్పేవాడు.

మాకేమో మెరుపు చాలలేదు. ఒక స్నేహితుడు కార్ల షెడ్డు నుంచి మిగిలిన ఎన్‌సీ పెయింటు, థిన్నరు తెచ్చాడు. ఆదివారం ఫోర్కు మీద ఆ రంగు వేశాం. చూస్తుండగానే ముసలివాళ్ళ చేతి చర్మంలా ముడతలు పడిపోయింది.

మా నాన్న రంగుల పనికి వెళ్తారు. బడి ముఖం చూడలేదు. మా ఇంట్లో డిగ్రీ దాటింది మేమే మొదట. ఆయనకు ఫోన్ చేస్తే ఒకటే అడిగారు: "ఎనామిల్ మీద ఎన్సీ కొట్టారా?" అవునన్నాం. "ఎవరైనా కొడతారా నాయనా. ముందే ఒక మాట అడగలేకపోయావా?"

అడగలేదు. ఎమ్మెస్సీ చదివేవాళ్ళం, రంగు డబ్బా గురించి అడిగేదేముంది అనుకున్నాం. తర్వాత పుస్తకం తీస్తే ఆయన చెప్పిందే ఉంది. ఎనామిల్ ఆరడమంటే టర్పెంటైన్ ఎగిరిపోవడం ఒక్కటే కాదు. అందులోని నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని మెల్లగా గట్టిపడుతుంది. మర్నాటికి చేతికి అంటకపోయినా, లోపల గట్టిపడటానికి రోజులు, వారాలు పడుతుంది. ఎన్‌సీ థిన్నరు ఘాటైనది. పచ్చిగా ఉన్న ఆ పొరలోకి దిగి ఉబ్బిస్తుంది. (ఇనుమును తినేదీ ఆక్సిజనే, రంగును గట్టిపరిచేదీ ఆక్సిజనే. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే బాగుండేది.)

రంగంతా ఊడ్చక తప్పలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటరాదని మన దేశంలో నిబంధన అమలైంది 2017 నవంబరు నుంచే. అందుకని పొడిగా గీకి దుమ్ము లేపకుండా, నీళ్ళు పోస్తూ వాటర్ పేపరుతో రుద్దాం. ముక్కుకు రుమాలు కట్టుకున్నాం. అన్నానికి వెళ్ళే ముందు చేతులు సబ్బుతో కడుక్కున్నాం.

ఇనుము బయటపడ్డాక, ఫోర్కు రెండు కాళ్ళుగా చీలే చోట వెంట్రుక మందాన ఒక గీత కనిపించింది. గీకుడు గీతో, పగులో తెలియలేదు. మళ్ళీ నాన్నకే ఫోన్ చేశాం. గేట్లు చేసే వెల్డరు దగ్గర చూశానని ఆయన ఒక పద్ధతి చెప్పారు. ఆ చోట కిరసనాయిలు రాసి, కాసేపాగి పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులైతే, లోపలికి దిగిన కిరసనాయిలు తిరిగి ఊరి సుద్ద మీద మరక కడుతుంది. మేం క్లాసుకు వెళ్ళే సుద్దముక్కను నూరి చల్లాం. ఐదు నిమిషాలకు బొటనవేలి వెడల్పున నల్లటి గీత తేలింది. గొట్టం చుట్టుకొలతలో పావు వంతు.

ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. ముందు బ్రేకు పట్టినా, గుంతలో పడినా ఆ దెబ్బంతా చేరేది అక్కడికే. ఫోర్కు విరిగితే మనిషి ముఖం మీదే పడతాడు. మేం దాని మీద ఎర్ర రంగు పూసి, తమ్ముణ్ణి రోజూ బ్రిడ్జి మీద నుంచి దింపాం. ఎన్‌సీ ముడతలు పడకపోయి ఉంటే ఇంకా దింపుతూనే ఉండేవాళ్ళం. ఆ సాయంత్రం వాడికి జరిగింది చెప్పాం. "అయితే బస్సుకే పోతాలే అన్నా, మీరు నిదానంగా చేయండి" అన్నాడు.

వెల్డింగు పెట్టిస్తే చాలదా అని కొందరు అన్నారు. ఫోర్కు విషయంలో మేం ఒప్పుకోం. పాతదాన్ని షాపుకు పట్టుకెళ్ళి, పైగొట్టం పొడవు, మర సరిచూసి కొత్తది కొన్నాం. డబ్బులు మా మూడు నెలల టీ ఖర్చు. మిగిలిన ఫ్రేము అతుకులన్నిటికీ సుద్ద పరీక్ష చేశాం. ఎక్కడా మరక రాలేదు.

రెండోసారి రంగు నాన్న చెప్పినట్టే నడిచింది. కిరసనాయిలు జిడ్డు పోయేదాకా సబ్బునీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, వేళ్ళు తగలకుండా గుడ్డతో పట్టుకుని అదే పూట ప్రైమరు వేశాం. మరలకు, బాల్సు కూర్చునే కప్పులకు రంగు పడకుండా కాగితం చుట్టాం. ఫ్రేము మీద గుద్దిన నంబరులో పుట్టీ నింపలేదు. సైకిలు ఎవరిదని ఎవరైనా అడిగితే చూపించేది అదొక్కటే. ఎనామిల్ ఒకే మందపు పూత అయితే కారుతుంది కాబట్టి రెండు పల్చటి పూతలు, మధ్యలో ఒక రోజు. ముసురు పట్టిన రెండు రోజులు డబ్బా మూత తీయలేదు. ఆఖరి పూత తర్వాత పది రోజులు షెడ్డులో వేలాడదీశాం. ఆ పది రోజులూ తమ్ముడు బస్సుకే వెళ్ళాడు, ఒక రోజు తప్పిపోయాడు కూడా.

బాల్సు కొత్తవి వేశాం, పాతవాటిలో కలపలేదు. ముందు హబ్బుకు 3/16 అంగుళం, వెనక హబ్బుకు పావు అంగుళం. బ్రేకు వైరు పోగులు తెగి ఉంటే మొత్తం మార్చాలి. స్టీలు రిమ్ము వానలో బ్రేకుకు సరిగా లొంగదు. తడి రోడ్డు మీద ముందు నుంచే మెల్లగా పట్టాలి.

కాటర్ పిన్ను నట్టును మొదట్లో పది రోజులకోసారి బిగించాలి. స్పానరు వంటగది కిటికీ పక్కన మేకుకు వేలాడుతోంది. వాడుకున్నవాళ్ళు మళ్ళీ అక్కడే తగిలించగలరు.