వెయ్యిమందిని అడిగితే రాష్ట్రమంతా తెలుస్తుందా?

ఫీల్డు సర్వేల్లో సూపర్‌వైజర్‌గా రాయలసీమ నుంచి ఉత్తరాంధ్ర దాకా తిరిగినవాణ్ణి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఫారం ఎలా నింపాలో తర్వాత చెప్తాను, ముందు అమెరికాలో ప్రజాభిప్రాయ సర్వేలు చేసిన జార్జ్ గాలప్ గురించి చెప్తాను. ఆయన సంస్థ ఎక్కడ నెగ్గిందో, ఎక్కడ బోల్తా కొట్టిందో తెలిస్తే మా పనిలో సగం తెలిసినట్టే.

1. పెద్ద అంకె చూసి లొంగిపోకండి.

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటిమందికి పోస్టులో నమూనా బ్యాలెట్లు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. లాండన్‌దే గెలుపని ఆ పత్రిక తేల్చేసింది. తీరా చూస్తే రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. ఆ చిరునామాలు చాలావరకు టెలిఫోన్ డైరెక్టరీల్లోంచి, కార్ల రిజిస్ట్రేషన్లలోంచి తీసినవి. మహామాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఎవరింట్లో ఉంటాయి? పైగా బ్యాలెట్ తిప్పి పంపే ఓపిక అందరికీ ఉండదు.

గాలప్ అంతకు ముందు ఏడాదే, 1935లో, ప్రిన్స్‌టన్‌లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్ పెట్టారు. ఎన్నో రెట్లు చిన్న శాంపిల్‌తో రూజ్‌వెల్ట్ గెలుస్తారని చెప్పారు. డైజెస్ట్ ఎలా తప్పబోతోందో కూడా ముందే చెప్పేశారు. నిజానికి రూజ్‌వెల్ట్ ఓట్లను ఆయన కూడా ఐదు శాతానికి పైగా తక్కువ కట్టారు. గెలిచేవాణ్ణి సరిగ్గా చెప్పారు కాబట్టి అదెవరూ పట్టించుకోలేదు. డైజెస్ట్ 1938లో మూతపడింది.

2. ఎవరిని అడగాలో ఇంటర్వ్యూయర్‌కి వదలకండి.

గాలప్ కూడా మొదట్లో కోటా పద్ధతినే నమ్ముకున్నారు. ఇంతమంది ఆడవాళ్లు, ఇంతమంది మగవాళ్లు, ఇంతమంది పేదలు అని లెక్క ఇస్తారు. ఆ లెక్కలో ఎవరిని పట్టుకోవాలన్నది ఇంటర్వ్యూయర్ ఇష్టం. 1948 అధ్యక్ష ఎన్నికలో డ్యూయీ గెలుస్తారని చెప్తే ట్రూమన్ గెలిచారు. ఎన్నికకు చాలా ముందే ఇంటర్వ్యూలు ఆపేయడం రెండో దెబ్బ. ఆ తర్వాతే ఆ సంస్థ లాటరీ తీసినట్టు ఎంపిక చేసే శాంపిల్ వైపు మళ్లింది.

మన దగ్గర కోటా ఇస్తే కుర్రాళ్లు బస్టాండు పక్క టీకొట్టు దగ్గరే పని ముగించేస్తారు. అక్కడ దొరికేది ఎప్పుడూ రాజకీయం మాట్లాడేవాళ్లే. అందుకే ఓటర్ల జాబితా తీసుకుని, ఒక పేరు దగ్గర మొదలెట్టి, సమాన దూరంలో పేర్లు ఎంచుకుంటూ పోవాలి. పేరు వచ్చిన మనిషి కూలికి పోతే పొద్దుగూకాక మళ్లీ వెళ్లాలి. పక్కింటాయన ఖాళీగా ఉన్నాడు కదా అని ఆయన్ని కూర్చోబెట్టకూడదు.

3. ఒక్క మెతుకు చాలు, గిన్నె ఒకటే అయితే.

సరిగ్గా ఎంచిన వెయ్యిమంది ఉంటే, రాష్ట్రానికైనా దేశానికైనా, అటూ ఇటూ మూడు శాతం తేడాతో మొత్తం మీద లెక్క చెప్పొచ్చు. 2005 నుంచి నడుస్తున్న గాలప్ వరల్డ్ పోల్ 140కి పైగా దేశాల్లో, చాలా చోట్ల దేశానికి సుమారు వెయ్యిమందినే అడుగుతుంది. కానీ మన ఊరు ఒకే గిన్నె కాదు. మెయిన్ రోడ్డు వీధి వేరు, ఎస్సీ కాలనీ వేరు, చెరువు అవతల తండా వేరు. అన్నిట్లోనూ అడుగుపెట్టాలి. ఇక ఆ వెయ్యిమందినే ఆంధ్రప్రదేశ్‌లోని 175 నియోజకవర్గాలకు పంచితే ఒక్కోదానికి ఆరుగురు కూడా రారు. ఆ బలంతో ‘నియోజకవర్గాల వారీ సర్వే’ అని స్క్రీన్ మీద వేస్తే నాకు నవ్వొస్తుంది.

4. గుమ్మం దగ్గర మనం ఎవరిలా కనిపిస్తామో అదే జవాబవుతుంది.

‘పింఛను రాయడానికి వచ్చారా బాబూ?’ అని పెద్దవాళ్లు అడుగుతారు. కాదని అప్పుడే చెప్పాలి. తల ఊపి ఊరుకుంటే ఆ ఇంట్లో అధికార పార్టీకి తప్ప ఇంకెవరికీ ఓటుండదు. అత్తగారు పక్కనుంటే కోడలి మాట వేరు. సర్పంచి మనిషి వెంట వస్తే వీధంతా ఒకే జవాబు. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ పరిశోధన సంస్థ వారి సర్వే విభాగం లోక్‌నీతి ఇందుకే ఓటు ప్రశ్నకు నమూనా బ్యాలెట్ చేతికిచ్చి, గుర్తు పెట్టి మడిచి డబ్బాలో వేయమంటుంది. నోటితో చెప్పలేనిది చేతితో చెప్తారు. ఇంతకంటే మంచి ఉపాయం నేను చూడలేదు.

5. చెట్టు కింద కూర్చుని నింపిన ఫారం ఇట్టే దొరికిపోతుంది.

అందులో ‘తెలియదు’ అన్న జవాబే ఉండదు.

6. ఓట్లు చెప్పడం ఒక పని, సీట్లు చెప్పడం ఇంకో పని.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో టీడీపీకి 39 శాతం ఓట్లొచ్చాయి, సీట్లు 23. 2024లో వైసీపీకీ 39 శాతమే, సీట్లు 11. ఓట్ల లెక్క ఇంత దగ్గరగా ఉన్నా సీట్లు సగానికి పడిపోయాయి. అవతలి ఓట్లు చీలాయా, పొత్తుతో కలిశాయా అన్నదాన్ని బట్టి సీట్లు మారిపోతాయి. ఓటు శాతం చెప్పకుండా సీట్లు మాత్రమే చెప్పే సర్వేని నేను లెక్కలోకి తీసుకోను.

7. గెలిచేదెవరో చెప్పడమే సర్వే పని కాదు.

2012 అమెరికా అధ్యక్ష ఎన్నికకు ముందు గాలప్ సంస్థ చేసిన చివరి సర్వే రామ్నీకి ఒక శాతం ఆధిక్యం చూపింది. ఒబామా గెలిచారు. 2016 ఎన్నికల్లో ఎవరు ముందున్నారన్న సర్వేలు ఆ సంస్థ చేయలేదు. చాలామంది దాన్ని పారిపోవడం అన్నారు. నా మటుకు అది తెలివైన పనే. దేశం ముందున్న అతి పెద్ద సమస్య ఏమిటన్న ప్రశ్నను ఆ సంస్థ 1930ల నుంచి అడుగుతూ వచ్చింది. దశాబ్దాల జవాబులు పక్కపక్కన పెడితే యుద్ధ భయం ఎప్పుడు పెరిగిందో, ధరల బాధ ఎప్పుడు ముదిరిందో కనిపిస్తుంది. ఎన్నికల ముందు మన టీవీల్లో వచ్చే సర్వేల్లో, మీ ఊరి సమస్య ఏమిటని అడిగిన సర్వే చివరిసారి ఎప్పుడు చూశారో మీరే చెప్పండి.